పలుచని గుడారపు బట్టకు అంచు మడచి కుట్టు విధము

క్రిందటి సంవత్సరము దసరా సెలవులలో మన పాఠశాల గైడు దళము, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరమున నొక చెఱువుగట్టు తోటలో మూడు దినములు శిబిరము వేసికొనిన సంగతి చదువరులకు జ్ఞాపక ముండును. ఆ శిబిరమునకు కావలసిన బరకమును అంగడిలో కొనక, మన బాలికలే కుట్టుపని తరగతిలో పలుచని నైలాను బట్టతో తయారుచేసిరి. రెండవనాటి రాత్రి గాలివాన వచ్చెను. బట్ట నడుమ చిరుగలేదు. త్రాళ్లు తెగలేదు. కాని అంచు వెంబడి సూది ఏ దారిని నడచెనో సరిగా ఆ దారినే, తపాలాబిళ్లలు వరుసనుండి విడివడినట్లు, మూరెడు పొడవున అంచు ఊడిపోయెను. దాని క్రింద పండుకొనియున్న ఆఱవ తరగతి పిల్లలు తడిసి ముద్దయై, తెల్లవాఱువఱకు ప్రక్క పొలములోని మోటారు కొట్టములో కూర్చుండవలసి వచ్చెను. ఎవరికిని కీడు కలుగలేదు. అందులకు దేవునికి స్తోత్రము. అయినను ఆ తప్పు బాలికలది కాదు. నూలుబట్టకు నేర్పిన కుట్టునే ఈ బట్టకును నేర్పిన మాది.

ఆ దినము మొదలుకొని మేము ఆ బట్ట ముక్కలను కుట్టుయంత్రము దగ్గఱ పెట్టుకొని, వేఱువేఱు సూదులతోను, వేఱువేఱు కొలతలతోను కుట్టి, లాగి, తడిపి, చూచినది చూచినట్లు వ్రాసికొనుచు వచ్చితిమి. ఇట్టి బట్ట నేడు శిబిరములకే గాక ప్రతి యింటికిని వచ్చియున్నది. పిల్లల వానకోట్లు, పుస్తకముల సంచులకు తొడుగులు, గొడుగులు, బండిమీది కప్పులు ఈ జాతివే. కావున మేము నేర్చుకొనినది తలిదండ్రులకును ఉపయోగింపగలదని ఇచట వ్రాయుచున్నాము.

మొదట బట్ట స్వభావమును తెలిసికొనవలెను. నైలానును 1935వ సంవత్సరమున అమెరికా దేశమందలి డ్యూపాంటు కంపెనీ పరిశోధనశాలలో వాలెస్ కరోథర్సు అను రసాయనశాస్త్రజ్ఞుని ఆధ్వర్యమున కనుగొనిరి. 1938లో అది లోకమునకు ప్రకటింపబడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పట్టు దొరకనందున పారాచూటులను ఈ నైలానుతోనే చేసిరి. దానికి తోబుట్టువు వంటి పాలియెస్టరు నూలును 1941లో ఇంగ్లండున విన్‌ఫీల్డు, డిక్సను అను ఇరువురు కనుగొనిరి. పలుచని గుడారపు బట్టలు నేడు తఱుచుగా ఈ రెంటిలో నొకదానితో నేయబడుచున్నవి.

ఈ నూలు ఎంత సన్నమో చెప్పుటకు వర్తకులు డెనియరు అను కొలతను వాడుదురు. తొమ్మిదివేల మీటర్ల పొడవుగల పోగు ఎన్ని గ్రాముల బరువుండునో అన్ని డెనియరులని దాని అర్థము. మన బరకపు బట్ట 70 డెనియరుది. అనగా అందలి పోగును మన పాఠశాల వాకిటినుండి ఆ చెఱువుగట్టువఱకు, తొమ్మిది కిలోమీటర్ల పొడవున పఱచి, మరల చుట్టి తూచినను డెబ్బది గ్రాములే తూగును. ఇంతకంటె సన్నమైన 20, 30 డెనియరుల బట్టలును గుడారములకు వాడుచున్నారు.

ఇక నూలుబట్టకును దీనికిని గల భేదమును చూతము. ప్రత్తినూలు చిన్నచిన్న పీచులను పేని వడికినది. ఆ పీచులు ఒకదాని నొకటి పట్టుకొని యుండును. నీరు తగిలినప్పుడు ప్రత్తిపోగు ఉబ్బును. సూది చేసిన బెజ్జము కొంతవఱకు మూసికొనును. కుట్టు విప్పి, తడిపి, ఇస్త్రీ చేసినచో బెజ్జముల జాడయైనను మిగులదు. నైలాను పోగు అట్టిది కాదు. అది నున్ననిది, ఎడతెగని పొడవుగలది, ఒకదానిమీద నొకటి జాఱునది. అందునను గుడారపు బట్టకు నీరు దిగకుండ ఒక ప్రక్క పాలియురితేను గాని, రెండు ప్రక్కల సిలికోను గాని పలుచగా పూత పూయుదురు. ఆ పూతలో సూది చేసిన బెజ్జము మరల మూసికొనదు. నూలుబట్టలో తప్పుకుట్టు దిద్దుకొనదగినది. ఈ బట్టలో తప్పుకుట్టు నిలిచిపోవునది. ఇక చెప్పబోవు జాగ్రత్తలన్నియు ఈ యొక్క భేదమునుండియే పుట్టినవి.

మన బరకము ఎందుకు ఊడినదో లెక్కవేసి చూచితిమి. అది రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు గలది. చుట్టుకొలత పది మీటర్లు. గట్టిగా నుండవలెనని మేము కుట్టును దగ్గఱ దగ్గఱగా, మిల్లీమీటరున్నరకు ఒకటి చొప్పున వేయించితిమి. అట్లు పది మీటర్లలో ఆఱువేల ఆఱువందలకు పైగా బెజ్జములు పడినవి. అందు వాడిన సూది పదునాఱవ నంబరుది. దాని లావు ఒక మిల్లీమీటరు. ఒకటిన్నర మిల్లీమీటరులో ఒక మిల్లీమీటరు సూదికి పోగా రెండు బెజ్జముల నడుమ మిగిలిన బట్ట అర మిల్లీమీటరే! సూది పోగులనన్నిటిని తెంపదు, కొన్నిటిని ప్రక్కకు త్రోసికొని పోవును. అయినను ఆ అంచు ఎంత బలహీనమైనదో ఈ లెక్కయే చెప్పుచున్నది. పదవ నంబరు సూది లావు 0.70 మిల్లీమీటరు. దానితో మూడు మిల్లీమీటర్లకొక కుట్టు వేసినచో బెజ్జములు మూడువేల మూడువందల చిల్లర. రెంటి నడుమ మిగులు బట్ట 2.3 మిల్లీమీటర్లు. కుట్లు సగమైనవి, మిగిలిన బట్ట నాలుగింతలకు పైగా పెరిగినది. ఎక్కువ కుట్లు వేసిన ఎక్కువ బలమని తలంచుట ఈ బట్ట విషయమున పొరపాటు.

ఇప్పుడు పనిని వరుసగా చెప్పెదము.

మొదటిది కత్తిరించుట. గుడారపు బట్టను వెలుతురునకు ఎత్తి చూచినచో గళ్లు కనబడును. బట్టలో 5 మొదలు 8 మిల్లీమీటర్ల కొకసారి పడుగునందును పేకయందును కొంచెము లావుపోగును నేయుదురు. ఒకచోట చిరుగు పుట్టినను ఆ లావుపోగు దగ్గఱ ఆగును. అందుచేత దీనిని రిప్‌స్టాపు బట్ట యందురు. ఈ గళ్లు కుట్టువారికి మఱియొక విధమున మేలుచేయుచున్నవి. అవి బట్టలోనే నేసిన కొలబద్ద. ఒక గడి పొడవు కొలిచికొనినచో తరువాత గళ్లను లెక్కించుచు తిన్నగా కత్తిరింపవచ్చును, తిన్నగా మడువవచ్చును. గడి గీత తప్పి ఏటవాలుగా కత్తిరించిన అంచు సాగును; సాగిన అంచు కుట్టిన తరువాత అలలుగా లేచును.

అంచు మడతకు ప్రతి ప్రక్క రెండు సెంటీమీటర్లు ఎక్కువ విడువవలెను. కావున రెండు మీటర్లకు మూడు మీటర్ల బరకము కావలసినచో 2.04 మీటర్లకు 3.04 మీటర్లుగా కత్తిరింపవలెను. బట్ట బల్లమీద జాఱకుండ గుండుసూదులు గ్రుచ్చుటకు బదులు నాలుగు బరువైన పుస్తకములను పెట్టుడు. గీతకు దర్జీసుద్దను వాడుడు. నేతవాని సహజపు అంచు బట్టకంటె బిగువుగా నుండుట కలదు. అట్లున్న దానిని మొదటనే తీసివేయుట మంచిది.

కత్తిరించిన చోట పోగులు ఊడివచ్చుచున్నచో కొందఱు అంచును వేడిచేత కఱగించి మూయుదురు. కఱగిన నైలాను చుక్క చర్మమునకు అంటుకొని లోతుగా కాల్చును. దాని పొగయు మంచిది కాదు. కావున పిల్లలు దీనికి పూనుకొనరాదు. క్రింద చెప్పిన రెండు మడతల అంచు సరిగా కుట్టినచో పచ్చి అంచు లోపలనే దాగియుండును. సాధారణముగా కాల్చుట అవసరమే లేదు.

రెండవది మడచుట. ఇదియే ఈ పనికి ప్రాణము. అంచును క్రిందిప్రక్కకు ఒక సెంటీమీటరు మడచి, దానినే మరల ఒక సెంటీమీటరు మడువవలెను. పైప్రక్కకు మడచినచో వాననీరు మడతలో నిలుచును. రెండవ మడతతో కుట్టుపడుచోట బట్ట మూడు పొరలగును; లాగుడు బరువును మూడు పొరలును పంచుకొనును. మేము క్రిందటిసారి ఒక్క మడతయే వేయించితిమి. పచ్చి అంచు బయటనే యుండినందున పోగులు కుట్టువఱకు జాఱి వచ్చినవి.

ఈ బట్టమీద కాలిన ఇస్త్రీపెట్టె పెట్టరాదు. బట్ట ముడుచుకొనును, పూత చెడును. బొటనవ్రేలి గోటితో గాని, చెక్క కొలబద్ద అంచుతో గాని గట్టిగా రాసినచో మడత నిలుచును. ఒక్కమాఱుగా మీటరు పొడవున మడువక, జానెడు జానెడుగా మడచి రాయుచు పోవలెను. మడతను నిలుపుటకు గుండుసూదియు టాకా కుట్టును పనికిరావు, రెండును బెజ్జములే. కాగితములకు పెట్టు చిన్న క్లిప్పులను జానెడు దూరమున కొకటి పెట్టి, కుట్టు దగ్గఱకు వచ్చినప్పుడు తీయుచుండవలెను.

మూడవది సూదియు దారమును. అంగడిలో అడిగినచో సాధారణముగా పదునాలుగు, పదునాఱు నంబరుల సూదుల నిత్తురు. ఈ బట్టకు పది గాని, పదునొకటి గాని అడిగి తీసికొనుడు. సూది క్రొత్తది కావలెను. మొన మొద్దుబాఱిన సూది పోగును ప్రక్కకు నెట్టక లాగును. లాగినచోట ఒక గీతవలె ముడుత పడును. దారము సన్నని పాలియెస్టరుది కావలెను. నూలుదారము తడిలో కుళ్లును. బట్ట చెడకమున్నే కుట్టు చెడును. దారము గట్టిగా నుండవలెనని లావుదారము ఎక్కించినచో దానికి లావుసూది కావలసివచ్చును. మరల మొదటి తప్పే.

నాలుగవది కుట్టుట. మన కుట్టుపని గదిలోని పాత తొక్కుడు యంత్రములు తిన్నని కుట్టే గాని వంకర కుట్టు వేయజాలవని బాలికలు చిన్నబుచ్చుకొనుట కలదు. ఈ పనికి అవియే మేలు. వాని పలకలో సూది దిగు రంధ్రము చిన్నది. వంకర కుట్టు వేయు యంత్రములలో ఆ రంధ్రము వెడల్పుగా నుండి, పలుచని బట్ట సూదితోకూడ అందులోనికి దిగి నలుగును.

ముందుగా అదే బట్ట ముక్కను అట్లే రెండు మడతలు మడచి కుట్టి చూడవలెను. కుట్టు వెంబడి బట్ట కుచ్చుపడినచో పైదారపు బిగువును కొంచెము వదలు చేయుడు. అప్పటికిని కుచ్చుపడినచో సూదిని మార్చుడు. ఆ తరువాత కుట్టు పొడవును చూడుడు. ఒకేసారి మూడింటిని మార్చినచో ఏది కారణమో తెలియదు. ముక్కమీద సరిపడిన తరువాతనే బరకమును పాదము క్రింద పెట్టవలెను.

మొదలుపెట్టునప్పుడు రెండు దారముల కొనలను వెనుకకు పట్టుకొనుడు. లేనిచో మొదటి కుట్టుననే బట్ట రంధ్రములోనికి పోవును. ఎడమచేతితో వెనుకను, కుడిచేతితో ముందును పట్టుకొని బట్టను సమముగా బిగువుగా నుంచవలెను. బిగువుగా నుంచుట వేఱు, లాగుట వేఱు. లాగినచో సూది వంగి పలకకు తగిలి విఱుగును. బట్టను నడుపు పని యంత్రపు పండ్లది. మనది దారి చూపు పని మాత్రమే. సిలికోను పూతగల బట్ట మిక్కిలి జాఱును. దానిక్రింద పలుచని కాగితపు పట్టీ వేసి కుట్టి, తరువాత కాగితమును మెల్లగా చింపి తీసివేయవచ్చును.

మొదటి వరుస లోపలి మడత అంచునుండి రెండు మిల్లీమీటర్ల యెడమున పడవలెను. అంతకంటె దగ్గఱయైనచో అచ్చటచ్చట మడత తప్పించుకొనును. త్రాళ్లు కట్టి లాగు బరకమునకు బయటి అంచునుండియు రెండు మిల్లీమీటర్లు విడిచి రెండవ వరుస వేయుడు. రెండు వరుసలకును నడుమ ఆఱు మిల్లీమీటర్ల యెడ ముండును గనుక ఒకదాని బెజ్జములు ఒకదానిని బలహీనపఱుపవు. మొదటను చివరను వెనుకకు మూడు నాలుగు కుట్లు చాలును. అదేచోట పదిసార్లు ముందుకు వెనుకకు త్రొక్కుట ముడి వేయుట కాదు, బట్టను కొఱుకుట.

అయిదవది మూల. రెండు ప్రక్కల మడతలు మూలయందు కలిసినప్పుడు బట్ట తొమ్మిది పొరలగును. సన్నసూది అందులో దిగదు. కావున మడువకముందే మూల కొనను కొంచెము ఏటవాలుగా కత్తిరించి పొరలను తగ్గింపవలెను. త్రాడు లాగునది మూలనే గనుక, అరచేయి వెడల్పుగల అదే బట్ట ముక్కను లోప్రక్క అదనముగా వేసి, త్రాడు కట్టు నవారు ఉచ్చును దానిమీద కుట్టవలెను. ఆ అదనపు ముక్కకు కోణములు లేకుండ గుండ్రముగా కత్తిరించుట మంచిది. లాగుడు ఒకే బిందువున పడక చుట్టును పరచుకొనును. ఇచట మాత్రము నవారు మందము కొఱకు పండ్రెండవ నంబరు సూదిని ఎక్కింపవచ్చును.

ఇక ఒక తప్పు జరిగినప్పుడు ఏమిచేయవలెను? ఈ సంవత్సరము క్రొత్త బరకమును కుట్టుచుండగా ఎనిమిదవ తరగతి బాలిక యొకతె మాటలలో పడి, కుట్టును మూరెడు పొడవున మడత దాటించెను. భయపడి వెంటనే విప్పబోవుచుండగా మేము వారించితిమి. విప్పినచో బెజ్జములు పోవు. వాని ప్రక్కనే మరల కుట్టినచో బెజ్జముల వరుసలు రెండగును. “మఱి దీని నేమి చేయుదును, టీచరుగారూ?” అని ఆమె కన్నీళ్లతో అడిగెను. ఆ ప్రక్క అంచును మొత్తము మరల ఒక సెంటీమీటరు లోపలికి మడిపించి, తప్పు కుట్టును మడత లోపల నుంచి, క్రొత్త బట్టమీద కుట్టించితిమి. బరకము ఒక సెంటీమీటరు చిన్నదైనది. అంచు మాత్రము బలముగానే యున్నది. ఆ బాలిక మిగిలిన మూడు ప్రక్కలును మాటలాడక కుట్టినది. తరువాత ఆమె కుట్టినదే తక్కిన వారికి మాదిరిగా చూపుచున్నాము.

కుట్టిన తరువాత పరీక్ష చేయకుండ ఏ బరకమును శిబిరమునకు పంపరాదని నియమము పెట్టుకొంటిమి. ఇద్దఱు బాలికలు ఎదురెదురుగా నిలిచి అంచును అడుగడుగున బిగియబట్టి చూతురు. పిమ్మట నాలుగు స్తంభములకు కట్టి, రెండు బిందెల నీరు పోసి, క్రిందనుండి చూతురు. నీరు కుట్టు వెంబడి ఊరుచోట పూత వేయవలెను. పాలియురితేను పూతగల బట్టకు పాలియురితేను జిగురును, సిలికోను బట్టకు సిలికోను జిగురును వాడవలెను. సిలికోను బట్టమీద వేఱు జిగురు అంటుకొనదు. ఎండిన పిమ్మట పొరవలె ఊడివచ్చును.

నైలాను తడిసినప్పుడు కొంచెము సాగును; సాయంకాలము బిగించి కట్టిన బరకము వానలో వ్రేలాడుటకు అదియే కారణము. పాలియెస్టరు అంతగా సాగదు. కావున వాన కురిసినప్పుడు త్రాళ్లను మరల బిగింపవలెను. లేనిచో నడుమ నీరు గుంటగా నిలిచి, ఆ బరువంతయు అంచుమీదను మూలలమీదను పడును. పని తీఱిన తరువాత నీడలో ఆఱబెట్టి మడిచి పెట్టుడు. నెలల తరబడి ఎండలో నుంచినచో నైలాను పోగు దుర్బలమగును. ఎంత నేర్పుగా కుట్టిన అంచైనను అప్పుడు నిలువదు.

అపొస్తలుడైన పౌలు కొరింథు పట్టణములో అకుల, ప్రిస్కిల్ల అను దంపతుల యింట నుండి గుడారములు కుట్టుచు జీవించెనని మనము అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. ఆయన యే బట్ట కుట్టెనో, యే సూది వాడెనో అచట వ్రాయబడలేదు. కాని గుడారము కుట్టువాడు ఎవరికొఱకు కుట్టుచున్నాడో ఎఱుగడు. దానిక్రింద నిద్రించువాడు ఎవరు కుట్టిరో ఎఱుగడు. వారి నడుమ నుండునది ఆ అంచు మాత్రమే.

ఈ సంవత్సరము వానకాలమున క్రొత్త బరకమును పాఠశాల ఆవరణములో రెండు రాత్రులు గాలివానలో కట్టి యుంచితిమి. అంచు కదలలేదు. రాబోవు దసరా శిబిరమునకు దానినే పంపుచున్నాము. క్రిందటిసారి తడిసిన పిల్లలే దానిక్రింద పండుకొందురు. పాత బరకము నుండి ఊడిన మూరెడు అంచును మేము పాఱవేయలేదు. కుట్టుపని గదిలో యంత్రములకు ఎదురుగా గోడకు తగిలించితిమి. సూదిలో దారము ఎక్కించుటకు ముందు ప్రతి బాలికయు దానిని ఒకసారి వెలుతురునకు ఎత్తి చూడవలెను. దానిమీది బెజ్జములు నేటికిని మూసికొనలేదు.